తెర మీద పుట్టే కవిత

ప్రశ్న: నేను ఫోన్‌లోనే కవితలు రాసి అక్కడే పోస్ట్ చేస్తాను. ఇవి డిజిటల్ కవితలేనా? వెబ్ పేజీలకు వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ కాస్త వచ్చు, ప్రయోగం చేయాలనుంది. కానీ కంప్యూటర్ అల్లిన కవితలో నాదంటూ ఏముంటుందని టెన్షన్. – ఒక పాఠకురాలు

జవాబు: ఫోన్‌లో రాసినంత మాత్రాన కాదమ్మా. కాగితం మీద అచ్చు వేసినా ఏమీ పోకపోతే అది మామూలు కవితే. అందులో చిన్నతనమేమీ లేదు. కదలికో, ప్రతిసారీ మారే పాఠమో, చదివేవాళ్ల వేలు తగిలితే తిరిగే మలుపో తీసేస్తే కవితే మిగలనప్పుడు, అది తెర మీద పుట్టిన కవిత.

ఇక మీ టెన్షన్. ఈ దారి కొత్తదేమీ కాదు. 1959లోనే జర్మనీలో థియో లుట్జ్, కాఫ్కా నవల నుంచి పదాలు తీసుకుని జడ్22 అనే కంప్యూటర్‌తో వాక్యాలు అల్లించారు. నాకు అంతకన్నా ఇష్టం అమెరికన్ కళాకారిణి అలిసన్ నోల్స్ 1967 నాటి కవిత ‘ఎ హౌస్ ఆఫ్ డస్ట్’. ఇల్లు దేనితో కట్టారు, ఎక్కడుంది, ఏ వెలుతురు, ఎవరుంటున్నారు: ఈ నాలుగింటికీ ఆమె జాబితాలు రాసుకున్నారు. స్వరకర్త జేమ్స్ టెన్నీ వాటిని ఫోర్‌ట్రాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాంలోకి ఎక్కించారు. యంత్రం ఒక్కో జాబితా నుంచి ఒక్కో మాట తీసి చరణాలు పేర్చుకుంటూ పోయింది. పేర్చింది యంత్రమే అయినా, ఏ మాటకు ఆ ఇంట్లో చోటివ్వాలో తేల్చింది ఆమె. కవి చెయ్యి నాకు అక్కడ స్పష్టంగా కనబడుతుంది.

మీరూ జాబితాలతోనే మొదలుపెట్టండి. తెలుగులో ఒక చిక్కుంది. వాక్యంలో పదం కోసం వదిలిన ఖాళీ పక్కన ‘లో’ పెట్టేసి పదాలు మారుస్తూ పోతే ‘ఇల్లులో’, ‘నోరులో’ అని వస్తాయి. అలా ఎవరు మాట్లాడతారు? ‘ఇంట్లో’, ‘నోట్లో’, ‘ఏట్లో’ అని పూర్తి రూపాలే జాబితాలో రాయండి. క్రియలకూ అంతే: వాన వచ్చింది, తాత వచ్చాడు. కర్తనూ క్రియనూ విడదీయకండి.

అక్షరాలను ఒక్కొక్కటిగా తెర మీదికి రప్పించాలనుకుంటే ఇంకో సంగతి. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు. వరసగా పంపితే స, స్, స్త, స్త్, స్త్ర, స్త్రీ అని కనబడుతుంది. తలకట్టు పోయి పొల్లు వస్తుంది, కింద త ఒత్తు చేరుతుంది, ఆ తర్వాత ర ఒత్తు, చివరికి గుడిదీర్ఘం. చాలామంది ప్రోగ్రామర్లు దీన్ని తప్పుగా చూసి సరిచేస్తారు. నేనైతే నిదానంగా, పాఠకులు గమనించేలా జరగనిస్తాను. అక్షరం కళ్లముందే రూపు మార్చుకోవడం మన లిపి మనకిచ్చిన వరం. దాన్ని కవితలో వాడుకున్నవాళ్లు కనిపిస్తే పండగే నాకు.

ఒక్క జాగ్రత్త. వెబ్‌లో కదిలే బొమ్మలకు ఒకప్పుడు వాడిన ఫ్లాష్‌కు, దాని కంపెనీ అడోబీ మద్దతు 2020 చివరితో ఆగిపోయింది. అందులో చేసిన ఎన్నో కవితలు మామూలు బ్రౌజర్లలో తెరుచుకోవడం మానేశాయి. కెనడా కవి బీపీ నికోల్ 1984లో ఆపిల్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి ఫ్లాపీ మీద తెచ్చిన ‘ఫస్ట్ స్క్రీనింగ్’ ఇవాళ్టికీ చూడగలుగుతున్నామంటే, తర్వాతివాళ్లు శ్రద్ధగా కొత్త కంప్యూటర్లకు మార్చబట్టే. అందుకే కోడ్‌ను మామూలు టెక్స్ట్ ఫైల్‌గా భద్రపరచండి, నడుస్తుండగా ఒక వీడియో తీసి ఉంచండి. మాకు పంపేటప్పుడు ఆ రెండూ జతచేయండి, తప్పకుండా చూస్తాను.