పిల్లల్ని తీసుకెళ్లే ముందు ఆ చోట ఒక రాత్రి పడుకో

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. మే మొదటి వారంలో 40 మంది పిల్లల్ని అరకు తీసుకెళ్లి 5 రోజులు క్యాంపు పెడతానన్నావు, సెలవులకు ఖాళీగా ఉన్న హాస్టల్ బిల్డింగ్ ఒకటి దొరికిందని ఫోటోలు కూడా పంపావు. కొండలు, మబ్బులు, వాకిట్లో పనస చెట్టు, అన్నీ బాగున్నాయి. కానీ ఆ 11 ఫోటోల్లో మరుగుదొడ్డి ఒక్కదాంట్లోనూ లేదు, నీళ్ల ట్యాంకూ లేదు. టీచరుగా ఉన్నప్పుడు 14 వేసవులు ఇలాంటి క్యాంపులు నడిపాను కదా, నా కళ్లు ముందు వాటినే వెతికాయి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు నువ్వు వెళ్లి అక్కడ ఒక రాత్రి పడుకో. పగలు చూసొస్తే సరిపోదు. చీకటి పడ్డాక బాత్రూమ్ దాకా నడిచి చూడు, దారిలో లైటు ఉందా, తలుపుకి లోపల గడియ పడుతోందా, బకెట్టూ మగ్గూ ఉన్నాయా, 10 ఏళ్ల పిల్ల ఒంటరిగా అక్కడికి వెళ్లగలదా అని ఆలోచించు. పొద్దున్నే కుళాయి తిప్పి నీళ్లు ఎంతసేపు వస్తాయో చూడు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఒక ఏడాది నేను పగలే చూసి ఒప్పేసుకున్నాను. బోరు ఉందన్నారు, ఉంది కూడా, కానీ మోటారు తిరగాలంటే త్రీ ఫేజ్ కరెంటు కావాలి, అది రోజుకి కొన్ని గంటలే వచ్చేది, ఆ టైము ఎవరూ మాకు చెప్పలేదు. రెండో రోజు పొద్దున ఏడింటికే ట్యాంకు ఖాళీ అయిపోయింది. మగపిల్లలు ఎలాగో సర్దుకున్నారు. ఆడపిల్లలు మాత్రం ఒక్క మాట అనకుండా నీళ్లు తాగడం మానేశారు, తాగితే ఆ కంపు కొట్టే దొడ్లోకి వెళ్లాలని. సాయంత్రానికి ఒక పాప కళ్లు తిరిగి పడిపోయింది, ఇంకో ఇద్దరు మూత్రంలో మంట అని ఏడ్చారు. పాప ఎందుకు పడిపోయిందో తెలిశాక ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఇప్పటికీ ఆ ముఖం గుర్తొస్తుంది.

కాబట్టి నీళ్ల లెక్క ముందే వేసుకో. అన్నీ పోగొట్టుకున్న వాళ్లుండే సహాయ శిబిరాల్లోనే మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు ఉండాలంటారు. పిల్లలు ఆడి చెమట పట్టి వస్తారు, రెండు పూటలా స్నానం అడుగుతారు, మనిషికి 40 లీటర్లు వేసుకో. పెద్దవాళ్లతో కలిపి 46 మందికి రోజుకి 1,840 లీటర్లు అవుతుంది, అంటే వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకులు రెండు రోజూ నిండాలి. కరెంటు ఏ టైముకి వస్తుందో వాచ్‌మన్‌నే అడుగు, బిల్డింగ్ చూసుకునేది అతనే కాబట్టి అతనికే తెలుస్తుంది. తాగే నీళ్లు వేరుగా చూసుకో, మనిషికి 3 లీటర్ల చొప్పున 20 లీటర్ల క్యాన్లు 7 కావాలి. క్యాన్లు అందని రోజు నీళ్లు తెర్లేదాకా కాచి చల్లార్చండి. ఊట నీళ్లు తేటగా ఉన్నాయని ఎవరైనా తాగించబోతే ఒప్పుకోకు.

శిబిరాల లెక్కలో 20 మందికి ఒక మరుగుదొడ్డి చాలంటారు. మనకి చాలదు, పొద్దున ఆరు నుంచి ఏడులోపు అందరూ ఒకేసారి లేస్తారు. 8 మందికి ఒకటి ఉండేలా చూడు, లేకపోతే గదుల వారీగా అరగంట తేడాతో లేపు. ఆడపిల్లల బాత్రూముల్లో మూతున్న డబ్బా, పాత న్యూస్‌పేపర్లు, కొన్ని ప్యాడ్‌లు పెట్టు. అడగడానికి సిగ్గుపడతారు, అందుకని మొదటి సాయంత్రమే వాళ్లందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి ఏవి ఎక్కడున్నాయో నువ్వే చెప్పు.

పడకలంటావా, కింద చాపలేసి పడుకోబెడితే సరదాగా ఉంటుందని నీ ఫ్రెండ్ అన్నాడన్నావు. వద్దు తల్లీ. కట్లపాము రాత్రిళ్లే తిరుగుతుంది, ఎక్కువగా నేల మీద పడుకున్న వాళ్లనే కరుస్తుంది. దాని కాటుకి పెద్దగా నొప్పి ఉండదు, పిల్లలు ఏదో పురుగు కుట్టిందనుకుని మళ్లీ పడుకుంటారు, తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. మంచాలుంటే మంచాల మీదే పడుకోబెట్టు, లేకపోతే ఎక్కడైనా అద్దెకి తెప్పించు. దోమతెర అంచులు పరుపు కింద దోపితే పాముకీ దోమకీ రెండింటికీ అడ్డు. అది ఏజెన్సీ, మలేరియా ఉన్న చోటు, దోమతెరల ఖర్చు తగ్గించాలని చూడకు. తిరిగొచ్చాక నెలలోపు ఎవరికి జ్వరమొచ్చినా రక్తపరీక్ష చేయించమని తల్లిదండ్రులకి రాసివ్వు. వంట సామాను, బియ్యం మూటలు పడుకునే గదుల్లో పెట్టనివ్వకు, వాటికోసం ఎలుకలొస్తాయి, ఎలుకల వెనకే పాములొస్తాయి.

దగ్గర్లో ఏ ఆసుపత్రిలో పాముకాటు మందు ఉందో ముందే వెళ్లి అడిగి, ఉందని చెప్పిన వాళ్ల ఫోన్ నంబరు రాసుకో. 108కి ఫోన్ చేయాలన్నా ఆ బిల్డింగ్‌లో ఎక్కడ నిలబడితే సిగ్నల్ దొరుకుతుందో చూసుకో. రాత్రంతా ఒక బండి, డ్రైవరు అక్కడే ఉండాలి. ఖర్చు ఎక్కువే, నాకు తెలుసు, అయినా ఇది తప్పదు.

అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు, వైజాగ్ ఎండ చూసి పిల్లలు పలచటి బట్టలే తెచ్చుకుంటారు, తెల్లవారుజామున వణుకుతారు. తలా ఒక దుప్పటి, స్వెటర్ తెమ్మని చెప్పు. మేలో సాయంత్రాలు ఉన్నట్టుండి ఈదురుగాలి, ఉరుములు, పిడుగులు వస్తాయి. మబ్బు పట్టగానే ఆట ఆపేసి అందర్నీ పక్కా బిల్డింగ్‌లోకి తీసుకెళ్లు, సిల్వర్ ఓక్ చెట్ల కింద నిలబడనివ్వొద్దు. అందుకే 46 మందీ ఒకేసారి కూర్చోగలిగే హాలు ఒకటి ఉందో లేదో కూడా చూసి రా.

ఆడపిల్లలు, మగపిల్లలు వేరే వేరే గదుల్లో పడుకోవాలి, ఆడపిల్లల గది గుమ్మం దగ్గర మంచం నీది.

ఈ శనివారం వెళ్తానంటే నేనూ వస్తాను. మోకాళ్లు నొప్పే, కానీ కిరండోల్ రైల్లో కూర్చునే కదా వెళ్లేది. టార్చి, చీపురు నేను తెస్తాను. కరెంటు టైములు రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ నువ్వు తెచ్చుకో.

మీ పెద్దమ్మ