ప్లానెటేరియం చూసొచ్చిన అమ్మాయిని ఊరి బడి మాన్పించాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. బడివాళ్లు ఈమధ్య హైదరాబాద్ తీసుకెళ్లి బిర్లా ప్లానెటేరియం చూపించారు. అప్పటినుంచి ఇస్రోలో పనిచేస్తానంటోంది. అలాగైతే ఊరి బడి మాన్పించి, తొమ్మిదో తరగతికి హైదరాబాద్‌లో ఐఐటీ ఫౌండేషన్ ఉన్న హాస్టల్లో చేర్చమని బంధువులు అంటున్నారు. సైన్సు టీచరేమో ‘యువికా’ శిబిరానికి దరఖాస్తు చేద్దామంటున్నారు. ఇలాంటి శిబిరాలు ఉద్యోగానికి ఏమైనా పనికొస్తాయా?
– ఒక తండ్రి, నల్లగొండ జిల్లా

జవాబు: ఉద్యోగానికైతే పనికిరావు. యువికాకు వెళ్లొచ్చిన విద్యార్థికి ఇస్రో ఉద్యోగ పరీక్షలో ఒక్క మార్కు కూడా అదనంగా రాదు. అయినా మీ టీచరు చెప్పిన మాటే వినమంటాను. మీ అమ్మాయి ప్రస్తుతం చదువుతున్న బడిలోనే తొమ్మిది కూడా చదవడం ఆ దరఖాస్తుకు ఎలా కలిసొస్తుందో ముందు చెబుతాను.

యువికా అంటే ‘యువ విజ్ఞాని కార్యక్రమం’. ఇస్రో దీన్ని 2019లో మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతి పిల్లలను వేసవి సెలవుల్లో సుమారు రెండు వారాలు శ్రీహరికోట, తిరువనంతపురం, బెంగళూరు వంటి తన కేంద్రాల్లో ఉంచుకుని, శాస్త్రవేత్తలతో పాఠాలు చెప్పించి, ప్రయోగశాలలు చూపిస్తుంది. ప్రయాణం, వసతి, భోజనం ఖర్చులన్నీ ఇస్రోవే. ఎంపికలో యాభై శాతం వెయిటేజీ ఎనిమిదో తరగతి మార్కులది, అంటే మీ అమ్మాయి ఈ ఏడాది రాసే పరీక్షలది. ఆన్‌లైన్ క్విజ్‌కు పది శాతం ఉంటుంది. సైన్స్ ఫెయిర్, ఒలింపియాడ్, ఆటలు, ఎన్‌సీసీ వంటివాటికి కొంత ఉంటుంది. పంచాయతీ పరిధిలోని గ్రామీణ పాఠశాలలో చదువుతున్నందుకు పదిహేను శాతం ప్రత్యేకంగా ఇస్తారు. నగరం హాస్టల్లో చేర్చిన నాడు ఈ పదిహేనూ పోతాయి. ఇక దేశం మొత్తం మీద సీట్లు వందల్లోనే ఉంటాయి కాబట్టి, రాకపోతే ఇంట్లో ఎవరూ చిన్నబుచ్చుకోకుండా ముందే అనుకుని దరఖాస్తు చేయండి.

అసలు విషయం ఎంపిక కాదు. బస్సు దిగి ఇంటికొచ్చిన మర్నాటి నుంచి ఆ పిల్ల ఏం చేస్తోందన్నదే మీరు గమనించవలసింది. మీరు హైదరాబాద్ వెళ్లే సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వస్తుంది కదా, ఆ ప్రాంతంలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ (ఆకాశాన్ని పరిశీలించే కేంద్రం) ఉంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచి పరిశీలించారు. అదే పూట చుట్టుపక్కల పల్లెల్లో తలుపులు మూసుకుని, పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి కూర్చున్న ఇళ్లు తక్కువేమీ కావు. అడుగు చదునుగా ఉన్న రోకలి గ్రహణం లేని రోజున కూడా నిలబడుతుందని ఆ ఇళ్లలోని పిల్లలకు చెప్పినవారు లేకపోయారు.

ఆ రోకలినే మీ అమ్మాయి చేతికివ్వండి. మన ప్రాంతంలో ఏడాదికి రెండుసార్లు, మే మొదటి పదిరోజుల్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. వాకిట్లో చదునైన బండ మీద రోకలిని నిటారుగా నిలబెడితే ఆ క్షణాన పక్కకు నీడ పడదు. మేలో అది దాదాపు 12.11 గంటలకు జరుగుతుంది, ఆగస్టులో దాదాపు 12.20కి. మబ్బు పడితే మరుసటి రోజు చూడవచ్చు, తేడా స్వల్పమే. ఈ రెండు సమయాల మధ్య తొమ్మిది నిమిషాల తేడా ఎందుకు వచ్చిందని ఆమె తనంతట తాను అడిగి, సమాధానం కోసం టీచరు వెంటపడిందంటే, ఆ ఆసక్తి ప్లానెటేరియం గోపురం కింద కలిగిన తాత్కాలిక సంబరం కాదని మీకే తెలుస్తుంది. ఇందుకు ఫౌండేషన్ ఫీజు కట్టనక్కరలేదు.

బడి ద్వారా వచ్చే అవకాశాలు మరికొన్ని ఉన్నాయి. బడి పిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకంలో పాఠశాల పంపిన ఆలోచన ఎంపికైతే నమూనా తయారీకి విద్యార్థి ఖాతాలో పదివేల రూపాయలు వేస్తారు. బత్తాయి తోటకు నీళ్లు పెట్టడంలో మీరు పడే ఇబ్బంది నుంచే ఆలోచన పుట్టవచ్చు, కానీ అది పిల్లదే కావాలి. పెద్దలు చేసిచ్చిన నమూనాలు జిల్లా ప్రదర్శనలో రెండు ప్రశ్నలకే దొరికిపోతాయి. చంద్రయాన్-3 దిగిన ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవం, అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు జరుగుతాయి. వాటి సందర్భంగా పెట్టే పోటీలకు పేరు ఇప్పించండి. లక్షలు కట్టించుకుని విదేశీ అంతరిక్ష కేంద్రాలు చూపించి సర్టిఫికెట్లు ఇచ్చే యాత్రల జోలికి మాత్రం పోకండి. ఆ కాగితాన్ని మన దగ్గర ఏ ప్రవేశ పరీక్షా లెక్కలోకి తీసుకోదు.

హాస్టల్ విషయం పదో తరగతి అయ్యాక ఆలోచించవచ్చు. ఇంటర్లో ఎంపీసీ చదివి, జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు తెచ్చుకుంటే తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో బీటెక్ చేరవచ్చు. మామూలు కళాశాలలో ఇంజినీరింగ్ చేసినవారు కూడా 65 శాతం మార్కులుంటే ఇస్రో పరీక్ష రాయవచ్చు. పాలిటెక్నిక్ డిప్లొమా, ఐటీఐ చేసినవారికి వేరే పోస్టులున్నాయి. ఈ సంగతి మన ఊళ్లలో ఎందుకో ఎవరూ చెప్పరు. ఇస్రో అంటే రాకెట్టు ఒక్కటే కాదు కూడా. షాద్‌నగర్‌లోని ఇస్రో కేంద్రం ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకుంటుంది. అటువంటి చిత్రాల ఆధారంగానే పంటల విస్తీర్ణం లెక్కిస్తారు, బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడవచ్చో సూచించే భూగర్భజల పటాలు తయారుచేస్తారు. కాబట్టి భూగర్భశాస్త్రం, వ్యవసాయశాస్త్రం చదివినవారికి కూడా అక్కడ పని ఉంది.

యువికా ప్రకటన సాధారణంగా ఫిబ్రవరిలో వస్తుంది, గడువు సుమారు నెల రోజులే ఉంటుంది. మీ అమ్మాయి తొమ్మిదిలోకి వచ్చాక వెలువడే ప్రకటనకు దరఖాస్తు చేయాలి. ఎనిమిదో తరగతి మార్కుల పత్రం, పోటీల సర్టిఫికెట్లు ప్రధానోపాధ్యాయుల సంతకంతో ముందే ఒక ఫైల్లో పెట్టి ఉంచండి. నిబంధనలు ఏటా కొద్దిగా మారుతుంటాయి కనుక, వెయిటేజీలను ఆ ఏడాది ప్రకటనలో టీచరుతో కలిసి మరోసారి సరిచూసుకోండి.