వలస ఫారంలో టిక్ పెట్టకండి, తొమ్మిదో తరగతి మార్కులు పట్టుకెళ్లండి

ప్రశ్న: మేం జూన్‌లో హైదరాబాద్ నుంచి టెక్సస్‌లోని ఇర్వింగ్‌కు వచ్చాం. మావారిది హెచ్‌-1బి మీద ఐటీ ఉద్యోగం, ఆయన మీద ఆధారపడినవాళ్లుగా నేనూ పాపా హెచ్‌-4. పాప తెలంగాణ స్టేట్ బోర్డులో, ఇంగ్లిష్ మీడియంలో తొమ్మిది పూర్తిచేసింది. ఆగస్టులో స్కూల్లో చేర్చాలి. వలస కుటుంబాల పిల్లలకు స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతంలోని బడులు నడిపే సంస్థ) వాళ్లు ట్యూషన్, భోజనం ఉచితంగా ఇస్తారట, ఫారంలో 'అవును' అని టిక్ పెట్టమని అపార్ట్‌మెంట్లో వాళ్లు అంటున్నారు. ఇంట్లో మాట్లాడే భాష దగ్గర మాత్రం ఇంగ్లిష్ అని రాయాలట, లేదంటే ఇంగ్లిష్ సరిగా రాని పిల్లల తరగతి ఇఎస్ఎల్‌లో పడేస్తారట. మళ్లీ తొమ్మిదిలోనే కూర్చోబెడతారేమోనని ఇంకో టెన్షన్. మీరేమంటారు?

జవాబు: అమ్మా, మీకు అందిన రెండు సలహాలూ తలకిందులుగా ఉన్నాయి. టిక్ పెట్టకూడని చోట పెట్టమన్నారు, నిజం రాయాల్సిన చోట దాచమన్నారు.

ఆ వలస ఫారం వ్యవసాయం, చేపల వేట పనుల కోసం ఊళ్లు మారే కుటుంబాలది. 1966లో మొదలైన ఫెడరల్ పథకం. గత మూడేళ్లలో అలాంటి పని కోసం ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి ఇంకో డిస్ట్రిక్ట్‌కు మారిన కుటుంబాల పిల్లలే దాని కిందికి వస్తారు. టెక్సస్ దక్షిణ కొసన రియో గ్రాండే లోయ నుంచి మిషిగన్ లాంటి ఉత్తరాది రాష్ట్రాల పొలాలకు వెళ్లే కుటుంబాలున్నాయి. పాలమూరు వలసల గురించి తెలిసిన మనకు వాళ్ల బతుకు వేరే చెప్పక్కర్లేదు. పిల్లలు చదువు మధ్యలో వెళ్తారు, మధ్యలో వస్తారు, సబ్జెక్టులు సగంలో ఆగిపోతాయి. అదనపు ట్యూషన్, వేసవి తరగతులు, రాష్ట్రం మారినా రికార్డులు వెంట వచ్చే ఏర్పాటు అందుకే. మీరు టిక్ పెడితే డిస్ట్రిక్ట్ మనిషి ఫోన్ చేసి ఏ పంట, ఏ ఊరు, ఎప్పుడు మారారు అని అడుగుతారు. ఏం చెప్తారు? వీసా మీద ఉన్న కుటుంబం అబద్ధం రాసి సంతకం పెట్టడం అసలు మంచిది కాదు. ఉచిత భోజనానికి ఆదాయాన్ని బట్టి చూసే దరఖాస్తు వేరే ఉంది, అర్హత ఉంటే అది నింపండి.

ఇక ఇంటి భాష. తెలుగు మాట్లాడుకుంటుంటే తెలుగు అనే రాయండి. రాయగానే ఎవరూ ఎక్కడా పడేయరు. పాపకు ఇంగ్లిష్‌లో మాట్లాడటం, చదవడం, రాయడం మీద ఒక పరీక్ష పెడతారు. బాగా రాస్తే అక్కడితో సరి. రాయలేకపోతే సాయం అవసరమన్నమాటే, మన ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో చాలామందికి చదవడం వచ్చినా, నాలుగు పేజీల వ్యాసం సొంతంగా రాయడం అలవాటు ఉండదు. ఇఎస్ఎల్‌లో ఉంటే కాలేజీ సీటు రాదన్నది మన అపార్ట్‌మెంట్ల పుకారు. చివరికి మీకు ఇష్టం లేకపోతే ఆ తరగతులు వద్దని రాసిచ్చే హక్కు తల్లిదండ్రులకు ఉంది. అయితే ఇంకా ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్ల అన్న గుర్తింపు తొలగేదాకా ఏటా పెట్టే ఇంగ్లిష్ పరీక్ష మాత్రం తప్పదు.

మీరు అసలు పట్టించుకోవాల్సింది మూడో ప్రశ్న, పాప ఏ క్లాసులో కూర్చుంటుందన్నది. ఇక్కడ హైస్కూల్లో క్లాసు వయసును బట్టి కాదు, క్రెడిట్లను (పాసైన ఒక్కో కోర్సుకు వచ్చే పాయింట్లను) బట్టి నడుస్తుంది. టెక్సస్‌లో హైస్కూల్ పూర్తిచేసినట్టిచ్చే డిప్లొమాకు కనీసం 22 క్రెడిట్లు, ఏదైనా ఒక రంగాన్ని ఎంచుకుని ఎండార్స్‌మెంట్‌తో పూర్తిచేస్తే 26. మన తొమ్మిదో తరగతి ఇక్కడి హైస్కూల్ మొదటి ఏడాదితో సమానం కాబట్టి ఆ మార్కులకు క్రెడిట్లు అడగొచ్చు. చిక్కల్లా మన సబ్జెక్టుల తీరులో ఉంది. ఇక్కడ ఆల్జీబ్రా ఒక ఏడాది, జామెట్రీ ఒక ఏడాది, బయాలజీ ఒక ఏడాది. మన దగ్గర బహుపదులు, త్రిభుజాలు, సాంఖ్యకశాస్త్రం అన్నీ ఒకే లెక్కల పుస్తకంలో ఉంటాయి. మార్కుల మెమోలో 'మ్యాథమెటిక్స్' అని ఒక్క ముక్క చూసి, కౌన్సెలర్ దాన్ని ఆల్జీబ్రా 1 అనుకోవాలా, ఏదో ఎలెక్టివ్, అంటే ఐచ్ఛిక సబ్జెక్టు, అనుకోవాలా?

అందుకని వట్టి మెమో చాలదు. పాత బడి నుంచి లెటర్‌హెడ్ మీద, స్టాంపు వేసి, సబ్జెక్టులవారీగా మార్కులు, గ్రేడ్ల వివరణ ఇంగ్లిష్‌లో తెప్పించండి. లెక్కలు, సైన్స్ పుస్తకాల విషయసూచిక పేజీలు జతచేయండి. తెలుగు, హిందీ మార్కులు కూడా వదలొద్దు, డిప్లొమాకు ఇంగ్లిష్ కాని భాషలో రెండు క్రెడిట్లు కావాలి. అవి సరిపోకపోతే పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే దారి ఉంది, స్టాంప్ అనే భాషా పరీక్షలో తెలుగు కూడా ఉంది. మీ డిస్ట్రిక్ట్ ఏ పరీక్షను ఒప్పుకుంటుందో ముందే అడగండి.

ఇంత పట్టుబట్టమనడానికి ఇంకో కారణం ఉంది. ఆల్జీబ్రా 1, బయాలజీ లాంటి కోర్సులకు చివర్లో రాష్ట్ర పరీక్ష ఉంటుంది. టెక్సస్‌కు రాకముందే చదివినట్టు డిస్ట్రిక్ట్ క్రెడిట్ ఇచ్చిన కోర్సుకు ఆ పరీక్ష రాయక్కర్లేదు. బయటి నుంచి వచ్చిన మార్కులు జీపీఏలో (మార్కుల సగటులో), క్లాసు ర్యాంకులో ఎలా కలుస్తాయన్నది డిస్ట్రిక్ట్‌ను బట్టి మారుతుంది, అదీ రాతపూర్వకంగా అడగండి. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో నేరుగా సీటు వచ్చేది క్లాసులో పై 5 శాతంలో ఉన్నవాళ్లకే, 2026 ఫాల్ నుంచి. అక్కడ చిన్న తేడా కూడా లెక్కకొస్తుంది.

ఇర్వింగ్‌లో ఉన్నంత మాత్రాన ఇర్వింగ్ డిస్ట్రిక్టే అనుకోకండి. ఊళ్లో కొన్ని ప్రాంతాలు కొపెల్, క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ డిస్ట్రిక్టుల కిందికి వస్తాయి. లీజు మీద ఉన్న అడ్రస్‌తో చూసుకోండి. టీకాల కార్డు కూడా ఇప్పుడే తీయండి, ఇక్కడ అడిగే చికెన్‌పాక్స్, హెపటైటిస్-ఎ టీకాలు మన ప్రభుత్వ టీకాల జాబితాలో లేవు.

కౌన్సెలర్‌తో కూర్చునేటప్పుడు ఇంగ్లిష్ ఇబ్బందైతే తెలుగు దుబాసీ కావాలని రెండు మూడు రోజుల ముందే మెయిల్ పెట్టండి, ఫోన్లో అయినా ఏర్పాటు చేయాల్సిన బాధ్యత స్కూల్‌దే. పాపను మాత్రం దుబాసీగా వాడకండి. తన మార్కుల గురించి తనే అనువదించి చెప్పాల్సి రావడం ఆ వయసు పిల్లకు ఎంత ఇబ్బందో ఊహించండి.

అదే సమావేశంలో హెచ్‌-4 సంగతి చెప్పేయండి. బడిలో చేరడానికి వీసా అడ్డం కాదు, 1982లో సుప్రీంకోర్టు టెక్సస్ కేసులోనే ఆ మాట తేల్చింది. కానీ హెచ్‌-4 మీద ఉన్న పిల్లలు జీతం తీసుకుని పనిచేయకూడదు, ఫెడరల్ విద్యార్థి సాయం కూడా రాదు, 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది. కౌన్సెలర్లకు ఇవి తెలియకపోవచ్చు. పదకొండు, పన్నెండులో బయట పనిచేస్తూ నేర్చుకునే, జీతమిచ్చే ప్రాక్టికమ్‌లోకి పాప పేరు రాసేస్తే తర్వాత వెనక్కి తీసుకోవడం కష్టం, అందుకే కోర్సులు ఎంచుకునే రోజే చెప్పాలి.