వాల్వు దగ్గర ఉండేది సందా, ఎడమా?

సందేహం: నా పాత చిన్న కారు ఇంజను టకటకలాడుతుంటే మెకానిక్ "ట్యాపెట్ల గ్యాప్ ఎక్కువైంది, సెట్ చేయాలి" అన్నాడు. కారు సంరక్షణ మీద వ్యాసం రాస్తూ దాన్ని 'కవాట విరామం' అన్నాను. 'వాల్వు సందు' చాలదా అంటున్నాడు మిత్రుడు. ఏది సరి?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: కవాటమంటే తలుపు. ద్విపత్ర కవాటం, త్రిపత్ర కవాటం అని బడిలో చదువుకున్నదే. కానీ విజయవాడ ఆటోనగర్‌లో ఆ మాటంటే గుండె డాక్టరు దగ్గరికి పొమ్మంటారు. వాల్వు అనే రాయండి. విరామం మాత్రం బొత్తిగా కుదరదు. అది ఆగడానికి, కాలానికి చెందిన మాట. మీరు చెప్పేదేమో వాల్వు కాడ కొసకూ, దాన్ని నొక్కే రాకర్ అనే మీటకూ మధ్య మిల్లీమీటరులో ఐదో వంతో ఆరో వంతో ఉండే చోటు.

సందు సంగతి తమాషాగా ఉంటుంది. సంధికి అది వికృతి. రెండు కలిసే చోటే చీలికా ఉంటుంది గనక, కలయిక అనే అర్థమున్న మాట మన నోట్లో ఖాళీ అయి కూర్చుంది. పళ్ల సందు, తలుపు సందు – ఇవేవీ కొలిచి వదిలినవి కావు. చూడగానే పూడ్చేయాలనిపిస్తాయి. వాల్వు దగ్గర పూడిస్తే కొంప మునుగుతుంది. ఇంజను వేడెక్కితే వాల్వు కాడ సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే వాల్వు సీటు మీద సరిగా కూర్చోదు. కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలిని నొక్కిపెట్టే ఒత్తిడి, పోతుంది, చివరికి పొగ బయటికి వదిలే ఎగ్జాస్టు వాల్వు అంచు కాలుతుంది. ఎక్కువ వేడి తినేది అదే, అందుకే చాలా ఇంజన్లలో దానికి కాస్త ఎక్కువ చోటు వదులుతారు.

కావాలని, కొలిచి వదిలేదాన్ని మీ గుంటూరు మిరప రైతు ఏమంటాడు? "మొక్కకూ మొక్కకూ ఎడం పెట్టండి" అంటాడు. మీకు కావలసిన మాట అదే.

ఒకసారి ఆటోనగర్‌లో చల్లారిన ఇంజను మూత విప్పి, ఎడం కొలిచే ఫీలర్ గేజ్ రేకు రాకర్ కింద దూర్చి, స్క్రూ తిప్పుతూ ఒక మేస్త్రీ కుర్రాడికి చెబుతున్నాడు: "రేకు అంటీఅంటనట్టు జారాలిరా. బిగిసిందా తప్పే, ఊగిందా తప్పే." మనుషుల ముభావానికి వాడి వాడి మనం అరగదీసిన పలుకుబడి అక్కడ అక్షరాలా పనిచేస్తోంది! మీ వ్యాసంలో దాన్ని వదులుకోకండి. ఇంకో మాట కూడా అన్నాడు: "చప్పుడు చేసే ట్యాపెట్‌తో భయం లేదు, చప్పుడు చేయని టైటుదే ముంచుతుంది." గ్యాసు మీద తిరిగే బళ్లలో సీటు అరిగి ఎడం తగ్గినా చెవికి తెలియదు మరి.

'ట్యాపెట్ సెట్టింగ్' అన్న మాటను మొదటి వాక్యంలో ఉంచండి, షెడ్డుకెళ్లి అడగాల్సింది ఆ పేరుతోనే. తర్వాత అంతా 'వాల్వు ఎడం'. ఒక్క జాగ్రత్త: 'ఎడాన్ని సరిచేయాలి' అని రాయండి. 'ఎడమను' అన్నారో, పాఠకుడు కుడివైపు వాల్వులు వదిలేస్తాడు.