పోయింది 6,200, చేసిన అప్పు 10,000

ప్రశ్న: పర్లాకిమిడిలో మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. శనివారం రద్దీలో ఎవరో మా క్యూఆర్ మీద వేరే స్టిక్కర్ అంటించిపోయారు. సోమవారం దాకా గమనించలేదు. సుమారు 6,200 పోయింది. మినపప్పు, నూనె తేవడానికి వారం వడ్డీకి 10,000 తీసుకున్నాను. చేతికి 8,500 ఇచ్చారు, వారానికి 1,000 చొప్పున పది వారాలు కట్టాలి. లోన్ యాప్‌లో 50,000 తీసి ఇది తీర్చేసి, కొత్త బోర్డులు, సౌండ్‌బాక్స్ (డబ్బు పడగానే చెప్పే స్పీకర్) పెట్టుకోనా?

జవాబు: వద్దమ్మా. 8,500కి 10,000 అంటే వారానికి 3 శాతం పైనే వడ్డీ. ఏడాదికి లెక్క కడితే 150 శాతం దాటుతుంది. దాన్ని తీర్చడానికి ఇంకో యాప్ దగ్గరికి వెళ్తానంటారా? కొత్త క్యూఆర్‌కి ప్రింటూ లామినేషనూ కలిపి వంద రూపాయలు కూడా కాదు. దానికి 50,000 ఎందుకు?

ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పాతపట్నం నుంచి రోజూ వచ్చేవాళ్లుంటారు కదా, ఆ రెండు రోజులు మీ దగ్గర తిన్నవాళ్ల ఫోన్లలో పేమెంట్ స్క్రీన్ తీసి, అందులోని యూటీఆర్ నంబర్లు (ఒక్కో చెల్లింపుకి ఉండే గుర్తింపు నంబర్లు) రాసుకోండి. డబ్బు ఎవరి ఖాతాకి వెళ్లిందో వాటితోనే పట్టుకోగలరు.

కొత్త కోడ్ మీ పేమెంట్ యాప్ నుంచే దించుకోండి. ఉచితంగా చేసిస్తామనే వెబ్‌సైట్ల జోలికి పోవద్దు. కొన్ని తమ లింకు పెట్టి, గడువు అయ్యాక ఆపేస్తాయి. జిరాక్స్ షాపులో బొమ్మ మాత్రం పంపండి, ఫోన్ చేతికివ్వకండి. కోడ్ చుట్టూ ఉన్న తెల్ల అంచు కత్తిరించనివ్వొద్దు, స్కాన్ కాదు. కౌంటర్ అద్దానికి లోపలివైపు అంటించండి. పొద్దున పొయ్యి వెలిగించగానే ఇంట్లో ఇంకొకరి ఫోన్‌తో ఒక రూపాయి పంపి, పేరు మీదేనా అని చూడండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఎవరైనా అడిగారంటే దొంగే.

అసలు నాకు చిరాకు తెప్పించింది వేరు. రెండు రోజుల అమ్మకం పోతే మూడో రోజు పప్పు కొనలేని దుకాణమా? గల్లా అంతా క్యూఆర్ ఖాతాలోనే ఉంచి, అందులోంచే ఇల్లూ నడిపేవాళ్లు నాకు చాలామంది తగులుతుంటారు. ఏ మోసగాడి డబ్బో ఇడ్లీ బిల్లుగా ఆ ఖాతాలో పడి, సైబర్ ఫిర్యాదు వస్తే బ్యాంకు దాన్ని ఆపేయవచ్చు. అప్పుడు మీ సొంత డబ్బు కూడా కదలదు.

కాబట్టి యూపీఐకి కలపని ఇంకో బ్యాంకు ఖాతా తెరిచి, ఆపదకని మూడు నెలల ఖర్చు అందులో దాచండి. ఇంటి ఖర్చు 12,000, అద్దె 3,000 అనుకుంటే మూడు నెలలకి 45,000. రోజుకి 200 చొప్పున నెలకి 26 రోజులు వేసినా తొమ్మిది నెలల్లో అవుతుంది. వారం అప్పు తీరేదాకా రోజుకి 50 వేయండి, పర్లేదు, కానీ ఆపొద్దు.

పెట్టుబడికే అప్పు కావాలంటే బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ప్రభుత్వ పథకం ముద్ర శిశు రుణం 50,000 దాకా ఉంది, అడగండి. సౌండ్‌బాక్స్ నెల అద్దె ఎంతో కనుక్కుని పెట్టుకోండి. అది ఉండుంటే శనివారం మొదటి ప్లేటు బరా ఘుగుని (వడ, బఠానీ కూర) దగ్గరే, ఎందుకు మోగలేదని మీకు అనుమానం వచ్చేది.