కరెంటు పోతే ఫోన్లు, నీళ్లు కూడా ఎందుకు ఆగిపోతాయి? దీన్ని ముందే ఎలా లెక్కగడతారు?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు జరిగింది ఇదే. స్తంభాలు కూలి కరెంటు పోయింది. సెల్ టవర్లు కొంతసేపు బ్యాటరీ మీద, తర్వాత డీజిల్ మీద నడుస్తాయి. ఆ డీజిల్ కావాలంటే బంకులో పంపు తిరగాలి, దానికీ కరెంటే కావాలి. లైన్లు బాగుచేసే సిబ్బంది మాట్లాడుకోవడానికి మళ్లీ ఆ టవర్లే దిక్కు.

దీన్ని ముందే లెక్కగట్టడానికి ఈ వ్యవస్థలన్నిటికీ కలిపి ఒక మోడల్, అంటే నమూనా పటం, గీస్తారు. అందులో సబ్‌స్టేషన్, టవర్, నీళ్లు తోడే పంపుహౌస్, బంకు ఒక్కోటి ఒక్కో చుక్క. ఏది దేనిమీద ఆధారపడుతుందో బాణం గీసి, పక్కన గంటలు రాస్తారు: బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది, ట్యాంకులో నీళ్లు ఎంతసేపు వస్తాయి. నా దృష్టిలో మోడల్‌కి ప్రాణం ఆ గంటలే. తర్వాత ఒక్కో చుక్కనీ తీసేసి, వరసగా ఇంకేవి పడిపోతాయో కంప్యూటర్‌లో చూస్తారు. బాణాలు తిరిగి తిరిగి మొదటికే వచ్చే చోట్ల ముందుగా జనరేటర్ పెట్టాలి.