బాక్స్ కొలతలు ఎవరినీ అడక్కండి, స్పీకర్‌ని అడగండి

సౌండ్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వినాయక చవితి దగ్గరపడుతోంది కాబట్టి ఈసారి ఉత్తరాలన్నీ బేస్ బాక్సుల మీదే వచ్చాయి. ఒకే ప్రశ్న చాలామంది అడిగారు కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. పెళ్లిళ్లకి, ఓణీల ఫంక్షన్లకి సౌండ్ పెడుతుంటాను. ఈమధ్యే 18 అంగుళాల స్పీకర్లు రెండు కొన్నాను. మా ఫ్రెండ్ దగ్గర మంచి కంపెనీ బాక్స్ ఉంది, దాని కొలతలు తీసుకుని అచ్చం అలాగే చేసిస్తానని కార్పెంటర్ అంటున్నాడు. సౌండ్ కూడా అలాగే వస్తుందా?

జవాబు: రాదు. వచ్చిందంటే అదృష్టం కొద్దీ వచ్చినట్టే. ఆ బాక్స్ కొలతలు అందులో ఉన్న స్పీకర్ కోసం వేసినవి, మీ స్పీకర్ కోసం కాదు. 18 అంగుళాలు అంటే వెడల్పు మాత్రమే. ముందుకీ వెనక్కీ ఊగే కోన్ ఎంత బరువు, దాన్ని పట్టుకున్న స్పైడర్ ఎంత బిగువు, వెనక అయస్కాంతం ఎంత బలం అన్నవి ఒక్కో మోడల్‌కి ఒక్కో రకంగా ఉంటాయి. వీటిని అంకెల్లో పెట్టి బాక్స్ ఎలా లెక్కగట్టాలో 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ చూపించాడు, 1970లలో రిచర్డ్ స్మాల్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. అందుకే వాటిని థీల్-స్మాల్ పారామీటర్లు అంటారు. మీ స్పీకర్ డేటా షీట్‌లో నాలుగు చూడండి: ఎఫ్‌ఎస్ అంటే బాక్స్ లేకుండా కోన్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ, క్యూటీఎస్ అంటే ఆ ఊపు ఎంత అదుపులో ఉంటుందో చెప్పే అంకె (తక్కువ ఉంటే అదుపు ఎక్కువ), వీఏఎస్ అంటే కోన్ బిగువుకు సమానమైన గాలి, లీటర్లలో, ఇక ఎక్స్‌మ్యాక్స్ అంటే కోన్ ఒక వైపుకి ఎన్ని మిల్లీమీటర్లు సక్రమంగా కదలగలదో అది. క్యూటీఎస్ 0.30 ఉన్న స్పీకర్ 180 లీటర్లలో చక్కగా పలకొచ్చు, 0.50 ఉన్నది అదే బాక్సులో గుమ్మ్ గుమ్మ్ అని ఒకే స్వరం మీద మోగుతుంది, కిక్ డ్రమ్‌కి బేస్ గిటార్‌కి తేడా కూడా తెలియదు.

ఈ అంకెలు విన్‌ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఎన్ని లీటర్ల బాక్స్ కావాలో, పోర్టు, అంటే బాక్స్‌లోంచి గాలి బయటికి ఆడే గొట్టం, ఎంత పొడవు ఉండాలో అదే చూపిస్తుంది. డేటా షీట్ లేకుండా అమ్మిన స్పీకర్ అయితే కొలవాలి. ఆర్‌ఈడబ్ల్యూ అని ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు, ఒక రెసిస్టర్, వీఏఎస్ కోసం కోన్ మీద అంటించడానికి ఎంతో తెలిసిన చిన్న బరువు ఉంటే చాలు, ఇంట్లోనే కొలవొచ్చు. అది కూడా కుదరకపోతే ఆ స్పీకర్‌కి ప్లైవుడ్ ఖర్చు పెట్టకండి.

ఒక లెక్క చూపిస్తాను. దీన్ని కాపీ చేయమని కాదు, లెక్క ఎలా నడుస్తుందో తెలియడానికి. మీ స్పీకర్‌కి 180 లీటర్లు, 38 హెర్ట్జ్ ట్యూనింగ్ (పోర్టులో గాలి ఊగే ఫ్రీక్వెన్సీ) సరిపోతుందని సాఫ్ట్‌వేర్ చెప్పిందనుకుందాం. లోపలి కొలత వెడల్పు 50, ఎత్తు 70, లోతు 60 సెంటీమీటర్లు పెడితే మొత్తం 210 లీటర్లు వస్తుంది. ఇందులో స్పీకర్ వెనక భాగం 9 లీటర్ల దాకా తింటుంది, పోర్టు పైపులు రెండూ కలిపి 12, లోపలి సపోర్టు చెక్కలు 7. మిగిలింది 182. చాలామంది ఈ తీసివేత మర్చిపోతారు. పోర్టుకి ప్లంబింగ్ షాపులో దొరికే 160 ఎం.ఎం. పీవీసీ పైపు చాలు, లోపల దాదాపు 15 సెంటీమీటర్లు ఉంటుంది. అలాంటివి రెండు, ఒక్కొక్కటి 30 సెంటీమీటర్ల పొడవు పెడితే 38 హెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది. అదే పైపులు పొడుగ్గా ఉన్నాయని సగానికి కోశారనుకోండి, ట్యూనింగ్ 47 దాటిపోతుంది. బేస్ గిటార్ లావు తీగ పలికేది 41 హెర్ట్జ్, అంటే ఆ స్వరం ట్యూనింగ్ కింద పడిపోతుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే కూత సీసా సైజునీ మెడ పొడవునీ బట్టి మారుతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే.

ఇంకో సంగతి. మీ ఫ్రెండ్ బాక్స్ 15 ఎం.ఎం. ప్లైతో చేసి, మీ కార్పెంటర్ బయటి కొలత పట్టుకుని 18 ఎం.ఎం.తో చేస్తే లోపలి లీటర్లు తగ్గిపోతాయి. కార్పెంటర్‌కి ఎప్పుడూ లోపలి కొలతే ఇవ్వండి.

ప్రశ్న: నేను వరంగల్‌లో కార్పెంటర్‌ని. వార్డ్‌రోబ్‌లు, మంచాలు చేస్తాను, బేస్ బాక్సులు చేయమని ఇప్పుడిప్పుడే అడుగుతున్నారు. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలక) పెడితే చౌకగా పడుతుంది, కోత కూడా నున్నగా వస్తుంది. పెట్టొచ్చా?

జవాబు: ఇంట్లో కదలకుండా ఉండే బాక్సుకి పెట్టండి. వ్యాన్‌లో ఎక్కించి దించే బాక్సుకి మాత్రం వద్దు. ఎండీఎఫ్ బరువెక్కువ, మూలలు ఒక దెబ్బకే రాలిపోతాయి, స్క్రూ ఒకసారి తీసి పెడితే పట్టు ఉండదు, ఒక్క వాన పడితే ఉబ్బుతుంది. చవితి వచ్చేదే వానాకాలంలో. 18 ఎం.ఎం. ప్లైవుడ్ తీసుకోండి, బడ్జెట్ ఉంటే ఐఎస్ 710 మార్కు ఉన్న మెరైన్ ప్లై, లేకపోతే మరిగే నీటిని తట్టుకునే బీడబ్ల్యూఆర్ గ్రేడ్. చెమ్మని మాత్రమే తట్టుకునే ఎంఆర్ గ్రేడ్ ఇంటి లోపలి పనులకే.

షాపులో షీటు అంచులు నాలుగు వైపులా చూడండి, మధ్య పొరల్లో ఖాళీలు కనిపిస్తే పక్కన పెట్టేయండి. వేలితో కొట్టుకుంటూ వెళ్తే డొల్ల ఉన్నచోట చప్పుడు మారుతుంది. వార్డ్‌రోబ్‌లో ఆ డొల్ల వల్ల ఏమీ కాదు, బేస్ బాక్సులో మాత్రం అక్కడే జిర్రుమంటుంది, ఆ తర్వాత దాన్ని వెతికి పట్టుకోవడం నరకం.

పైన చెప్పిన కొలతకి 8 బై 4 షీటు ఒకటి తీసుకుంటే ఆరు పలకలూ వచ్చేసి, రెండు ముక్కలు మిగులుతాయి. వాటిని పారేయకండి, లోపలి సపోర్టులు వాటితోనే చేయాలి. ఏ పలకా 30 సెంటీమీటర్లకు మించి ఆధారం లేకుండా ఉండకూడదు. మిగిలిన ముక్కకి మధ్యలో పెద్ద కిటికీల్లా కోసి, బాక్స్ మధ్యలో ఒక పక్క నుంచి ఇంకో పక్కకి అడ్డంగా పెడితే గాలి ఆడుతుంది, పలకలు ఊగవు. అతుకుల దగ్గర లోపల రీపర్లు కొట్టండి. స్క్రూలు 15 సెంటీమీటర్లకొకటి చాలు, ఎందుకంటే బలం స్క్రూది కాదు, ఫెవికాల్‌ది. అంచు పొడుగునా జిగురు పూర్తిగా రాసి, బిగించాక బయటికి పొంగిందో లేదో చూడండి, పొంగని చోట గాలి లీకవుతుంది. లోపలి మూలలన్నీ ఇంకోసారి వేలితో జిగురు రాసి మూసేయండి. స్పీకర్‌ని చెక్క స్క్రూలతో బిగించొద్దు, వెనక టీ-నట్లు పెట్టి బోల్టులు వేయండి, స్పీకర్ అంచు కింద ఫోమ్ టేపు. హ్యాండిల్స్ కోసిన చోట కూడా లీకేజీ ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఖాళీ బాక్సే 30 కిలోల దాకా తూగుతుంది. వెనక చక్రాలు పెట్టివ్వండి, మోసే కుర్రాళ్ల నడుములు బాగుంటాయి.

ప్రశ్న: కరీంనగర్ నుంచి. అన్నా, స్కూప్ అనీ ఫోల్డెడ్ హార్న్ అనీ ప్లాన్లు దొరికాయి. అదే స్పీకర్, అవే వాట్లకి హార్న్‌లో డబుల్ సౌండ్ అంటున్నారు. మామూలు పోర్టు బాక్స్ ఎందుకు, డైరెక్టుగా హార్నే చేస్తే?

జవాబు: తమ్ముడూ, హార్న్‌లో అదే వాట్లకి ఎక్కువ సౌండ్ వస్తుందన్న మాట నిజమే. కానీ అది ఊరికే రాదు. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. హార్న్ దారి అందులో పావు వంతైనా ఉండాలి, అంటే రెండు మీటర్ల పైచిలుకు. దాన్ని మడత పెట్టి బాక్సులో ఇమడ్చడమే ఫోల్డెడ్ హార్న్. దారి ఒకటే కాదు, చివరి నోరు కూడా చాలా పెద్దది కావాలి, అంత పెద్ద నోరు ఒక్క బాక్సులో రాదు. అందుకే హార్న్ బాక్సులు నాలుగైనా ఒకచోట పేర్చితేనే అసలు బలం బయటపడుతుంది, ఒంటరిగా పెడితే కింది స్వరాలు పలకవు. పైగా లోపల ఏటవాలు కోతలు చాలా ఉంటాయి, ఒక్క పలక అటూ ఇటూ అయితే ఎక్కడ తప్పు జరిగిందో మూసేశాక కనపడదు.

వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అదే ఇంకో బాక్స్, దానికి ఇంకో అంతే పవర్ తెచ్చి మొదటిదాని పక్కనే ఆనించి పెడితే 6 పెరుగుతుంది. అందుకని ముందు రెండు మంచి పోర్టు బాక్సులు చేయి. అవి బాగా కుదిరాక హార్న్ మీద మోజు ఇంకా ఉంటే హార్న్‌రెస్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకో, అందులో నీ స్పీకర్ అంకెలు వేసి చూశాకే రంపం పట్టు.

ప్రశ్న: పాలకొల్లు దగ్గర మా చర్చిలో కీబోర్డు, ప్యాడ్స్, బేస్ గిటార్ ఉన్నాయి. 12 అంగుళాల స్పీకర్ ఒకటి ఉంది. పోర్టు లేకుండా పూర్తిగా మూసేసిన బాక్స్ చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు, చిన్న హాలుకి బాగుంటుంది, పాట స్పష్టంగా వినిపిస్తుంది. ఒక చిన్న లెక్క ఉంది: డేటా షీట్‌లో ఎఫ్‌ఎస్‌ని క్యూఈఎస్‌తో (కోన్ ఊపుని కాయిల్, అయస్కాంతం ఎంత అదుపు చేస్తాయో చెప్పే అంకె) భాగించండి. 50 లోపు వస్తే మూసిన బాక్స్, 100 దాటితే పోర్టు బాక్స్, మధ్యలో అయితే రెండిట్లో ఏదైనా. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ పనికొస్తుంది.

ప్రశ్న: కర్నూలు నుంచి రాస్తున్నాను. బాక్సులు సొంతంగా చేయించాను. వాల్యూమ్ పెంచితే పోర్టులోంచి బుస్సుమని గాలి చప్పుడు వస్తోంది, ఒక స్పీకర్ కాయిల్ కూడా కాలిపోయింది. అసలు నా బాక్స్ ఎంతకి ట్యూన్ అయిందో ఎలా తెలుసుకోవాలి? చాలా టెన్షన్‌గా ఉంది, సీజన్ మొదలవుతోంది.

జవాబు: చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను, అది ఖర్చు లేని పని. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టుకుని, తక్కువ వాల్యూమ్‌లో 70 హెర్ట్జ్ నుంచి కిందికి మెల్లగా దిగుతూ కోన్‌ని చూడండి. కోన్ బాగా ఊగుతుంటుంది, ఒకచోటికి వచ్చేసరికి దాదాపు ఆగిపోతుంది, పోర్టు దగ్గర చెయ్యి పెడితే గాలి మాత్రం జోరుగా తగులుతుంది. అదే మీ బాక్స్ ట్యూనింగ్. ఇంకా కిందికి దిగితే కోన్ మళ్లీ విపరీతంగా ఊగడం మొదలవుతుంది, ఎందుకంటే అక్కడ లోపలి గాలి దాన్ని పట్టుకోలేదు. కాయిల్ దెబ్బతినే చోటు అదే. కాబట్టి క్రాసోవర్‌లోనో ప్రాసెసర్‌లోనో ట్యూనింగ్‌కి కాస్త కింద, 38 అయితే 33 దగ్గర, 24 డీబీ హైపాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది స్వరాల్ని ఆపేది) తప్పకుండా పెట్టండి. పై స్వరాల్ని 80, 100 హెర్ట్జ్‌ల మధ్య ఒకచోట నుంచి కోసేయండి. ఆంప్ మీద క్లిప్ లైటు వెలుగుతూ ఉంటే వాల్యూమ్ తగ్గించడమే, వేరే మందు లేదు. స్పీకర్ మీద పెద్దక్షరాల్లో రాసిన పీక్ వాట్లు నమ్మొద్దు, ఆర్‌ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే వాట్లు) చూడండి.

బుస్సుమనడం అంటే పోర్టు ఇరుకు. 18 అంగుళాల కోన్ వైశాల్యం 1200 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, పోర్టులన్నీ కలిపి అందులో కనీసం పావు వంతైనా ఉండాలి. పైపు పెద్దది చేస్తే పొడవు కూడా పెంచాలి, లేకపోతే ట్యూనింగ్ పైకి పోతుంది. పైపు రెండు చివరలూ గుండ్రంగా నునుపు చేస్తే ఇంకొంత తగ్గుతుంది.

కొత్త స్పీకర్ పెట్టేటప్పుడు ఒకటిన్నర ఓల్టు బ్యాటరీ ప్లస్‌ని ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి తాకించి చూడండి. రెండు బాక్సుల్లోనూ కోన్ ఒకే వైపు కదలాలి. ఒకటి బయటికి, ఇంకోటి లోపలికి కదిలితే ఎన్ని వాట్లు పోసినా బేస్ ఒకదాన్నొకటి చంపేసుకుంటుంది.

ప్రశ్న: మా వీధిలో మండపం దగ్గర మీటరు పెట్టి చూస్తే పరిమితిలోనే ఉంది, అయినా చుట్టుపక్కల వాళ్లు పోలీసులకి ఫోన్ చేస్తున్నారు. తప్పు ఎవరిది? (హైదరాబాద్ నుంచి)

జవాబు: వాళ్ల బాధ నిజం. మీటరు డీబీ-ఏ స్కేలులో కొలుస్తుంది, ఆ స్కేలు 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. అందుకే అంకె చిన్నగా ఉన్నా పక్కింటి తలుపులు, కిటికీ అద్దాలు అదురుతాయి, మంచంలో పడుకున్న ముసలాయనకి గుండెలో కొట్టినట్టుంటుంది. గోడలు మాటల్ని ఆపినట్టు బేస్‌ని ఆపలేవు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, పండుగలకి ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. మీ నగరంలో 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు, కాబట్టి ఆర్డరు ఒప్పుకునే ముందు స్టేషన్‌లో అడగండి. మండపం దగ్గర సబ్ (బేస్ బాక్స్) లెవెల్ తగ్గించండి, భజనకీ పాటకీ అంత అక్కర్లేదు. పసిపిల్లలున్న ఇంటి గోడకి ఆనించి బాక్స్ అసలు పెట్టొద్దు.

ప్రశ్న: స్టేజీకి అటొకటి ఇటొకటి బేస్ పెడితే మధ్యలో దద్దరిల్లుతోంది, నాలుగడుగులు పక్కకి జరిగితే బేసే లేదు. బాక్స్ లోపమా? (రాజమండ్రి నుంచి)

జవాబు: కాదు, చోటు లోపం. సరిగ్గా మధ్యలో రెండు బాక్సుల శబ్దం ఒకేసారి చేరుతుంది, పక్కకి జరిగితే ఒకటి ముందు ఒకటి వెనక. 80 హెర్ట్జ్ తరంగం 4.3 మీటర్లు, దూరాల్లో తేడా అందులో సగం, అంటే 2 మీటర్లకి కాస్త పైన, అయినచోట ఆ స్వరం మాయమవుతుంది. రెండు బాక్సులూ స్టేజీ ముందు మధ్యలో, నేల మీద, పక్కపక్కన పెట్టండి. తర్వాత పై స్వరాలు పలికే టాప్ బాక్సులతో కలిపి ఒక కిక్ డ్రమ్ ట్రాక్ వేసి, ప్రాసెసర్‌లో సబ్ పొలారిటీ (ప్లస్, మైనస్) ఒకసారి తిప్పి చూడండి. జనం నిలబడే చోట నుంచి వింటే ఏ పొలారిటీలో కిక్ గట్టిగా తగులుతుందో దాన్నే ఉంచేయండి.